బోర్లా పెట్టిన ఓడలు

ఊదారంగు దీపం కింద పెట్టిన కార్డు భగ్గున వెలిగింది. కళ్లద్దాలాయన తన కళ్లని తనే నమ్మలేక దీపం ఆర్పి మళ్లీ వేశాడు. కార్డు మళ్లీ అంతే నీలంగా, సిగ్గూ శరమూ లేకుండా వెలిగింది. దాన్ని పక్కకి జరిపి ఇంకోటి పెట్టాడు. అదీ వెలిగింది. ఆ తర్వాతదీ అంతే. బల్లకి అవతల, మోకాళ్ల మీద రేకు డబ్బా పెట్టుకుని, దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు ముసిముసిగా నవ్వుతున్నది పరాయివాడైతే ఆయన గొంతు ఈపాటికి లేచేది. కూర్చున్నది అక్క మొగుడు, సొంత మేనత్త కొడుకు.

"బావా, ఇవి ఎక్కడివి?" అన్నాడు మెల్లిగా.

"ఎక్కడివేంట్రా, మన టీ పొట్లాల్లో వచ్చినవే. చిన్నప్పటివి," అన్నాడు బావ ఇంకా నవ్వుతూనే.

ఎవరి దగ్గరో తెలియక కొన్నానంటే ఎలాగో సర్దిచెప్పవచ్చు. చిన్నప్పటివి అన్నాక దానికి అబద్ధం అని తప్ప వేరే పేరు లేదు. ఆ మాట పక్కనున్న లెక్కల మాస్టారూ విన్నారు, పళ్ల డాక్టరూ విన్నాడు.

ఆ హాలు ఆదివారాలు మాత్రమే ఈ కార్డుల సంఘం వాళ్లది. మిగతా రోజుల్లో అక్కడ కుట్టుపని నేర్పుతారు, అందుకే నేల నిండా ఎప్పుడూ దారప్పోగులుంటాయి. ఆటగాళ్ల బొమ్మలు కూడబెట్టేవాళ్లది వేరే జట్టు. వీళ్లవి ఓడలు, పిట్టలు, పువ్వులు, రాకెట్లు. ఒకప్పుడు టీ పొడితోనూ బిస్కెట్లతోనూ ఊరికే వచ్చిన బుల్లి అట్టముక్కలు. ఏది పాతకాలం కార్డు, ఏది కొత్తకాలం కార్డు అన్న దగ్గర వీళ్లు ఏళ్ల తరబడి జుట్లు పట్టుకున్నారు. సరుకుతో ఊరికే వచ్చిందే పాతది, కార్డుల కోసమే పాకెట్టు కొనడం మొదలయ్యాక వచ్చినవన్నీ కొత్తవేనని బస్సు కండక్టరు వాదన. చేత్తో వేసిన బొమ్మ పాతది, ఫొటో కొత్తది అని పళ్ల డాక్టరు పట్టు. మెరుపు కాగితం అంటించి, ఇన్నే అచ్చువేశాం అని నంబరు కొట్టి జనాన్ని ఊరించడం మొదలైన ఏడే హద్దు అని పువ్వుల కార్డులావిడ తేల్చేసేది. ఒక చిలక బొమ్మ ఏ కాలానిదో తేలక ఇద్దరు పెద్దమనుషులు మాటలు మానేసుకున్నారు కూడా.

ఆ గొడవకి మంగళం పాడింది కళ్లద్దాలాయనే. దొంగనోట్లు పట్టే దీపం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. కాగితం తెల్లగా కనబడటానికి మందు కలపడం ఒక కాలంలో మొదలైంది, ఆ మందున్న కాగితం దీపం కింద వెలుగుతుంది, లేనిది చచ్చినట్టు పడి ఉంటుంది అని వివరించాడు. వెలగనిది పాతకాలం, వెలిగింది కొత్తకాలం, ఇక నోరెత్తేవాడు లేడు. అప్పట్నించీ అందరికీ ఆయన దీపంగారు అయిపోయాడు. ఆయనకి ఆ పేరు తన కళ్లద్దాల దుకాణం బోర్డు కన్నా ముద్దు.

దీపానికి నియమాలు కూడా ఆయనవే. కార్డుని ఎప్పుడూ బోర్లా పెట్టాలి. బొమ్మ చూస్తే మనసు కరుగుతుంది, కరిగిన మనసు హద్దు జరుపుతుంది అనేవాడు. పళ్ల డాక్టరు ఒక గుడ్లగూబ మొహం చూసి దాన్ని పాతకాలంలోకి దూర్చిన వైనం అందరికీ తెలిసిందే. ఇక పాతదని చెప్పి తెచ్చింది వెలిగితే, దాని వీపున 'నకలు' అని ముద్ర పడుతుంది, తెచ్చినవాళ్ల పేరు ఆ ఏడాది ప్రదర్శనలోంచి పోతుంది. ముద్రకి సిరా కూడా ఆయనే ఏరికోరి తెచ్చాడు, గీకినా పోనిది.

వచ్చే ఆదివారమే ప్రదర్శన. అద్దాల పెట్టె అప్పటికే తుడిచి ఉంది. నడిమధ్య చోటు ప్రతి ఏడూ ఆయన ఓడల కార్డులదే. 'తొలి యజమాని దగ్గరే ఉన్నవి' అన్న చీటీ కూడా ముందే నిలబెట్టేశారు. ఆ ఓడల్లో రెండు పొగగొట్టాల ఓడ మీద సిరాతో గీసిన బుల్లి మనిషి ఒకడు చెయ్యి ఊపుతుంటాడు. ఏడేళ్లప్పుడు నేను గీశానని ఆయన చూపిస్తే, అంత చిన్నప్పుడే ఇంత చక్కటి చెయ్యా అని జనం ముక్కున వేలేసుకుంటారు. ఏటా ఆ మాట వినడానికే ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుంటాడంటే అతిశయోక్తి కాదు.

ఇప్పుడు అదే తెల్లచొక్కాలో చెమటలు పోస్తున్నాయి.

"వెనకాల ఎండిన జిగురు కూడా పూశారండోయ్, పాతవాటిలా కనబడాలని," అన్నాడు పళ్ల డాక్టరు, ఒక కార్డు అంచు గోటితో గీకి. అతని గొంతులో జాలి లాంటిది కూడా ఉంది, అది మరీ కష్టంగా తగిలింది.

బావ నవ్వు అక్కడే ఆగిపోయింది. బల్ల మీద బోర్లా పడుకున్న కార్డుల వంక, వాటి మీద వాలి ఉన్న బావమరిది తల వంక మార్చి మార్చి చూశాడు. ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. అంతలో ఆయన చూపు అద్దాల పెట్టె మీదికి, అందులో నిలబెట్టిన చీటీ మీదికి వెళ్లింది. తెరిచిన నోరు మూసుకున్నాడు.

లెక్కల మాస్టారు ముద్ర ముందుకు తోశారు. అయినవాళ్లకో న్యాయం, కానివాళ్లకో న్యాయం ఉండకూడదు కదా దీపంగారూ అని ఆయన నోటితో అనలేదు గానీ, చూపుతో అన్నారు. కళ్లద్దాలాయన ముద్ర తీసుకుని, సిరా మెత్త మీద అద్ది, మొదటి కార్డు వీపున కొట్టాడు. చప్పుడు హాలంతా వినబడింది. ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోయాడు, మధ్యలో ఆగితే చెయ్యి మళ్లీ లేవదని తెలిసినవాడిలా. అయ్యాక కార్డుల్ని బోర్లా ఉన్నవి ఉన్నట్టే పేర్చి బావ చేతిలో పెట్టాడు. బావ వాటిని డబ్బాలో పెట్టుకుని, మూత సరిగ్గా పట్టకపోతే రెండుసార్లు నొక్కి, "వస్తానురా," అని ఒక్కమాట చెప్పి వెళ్లిపోయాడు. ఆయన గొడుగు కుర్చీకే వేలాడుతూ ఉండిపోయింది.

అక్క రోజూ పొద్దున్నే ఫోను చేస్తుంది. తిన్నావా, మోకాలు ఎలా ఉంది, ఆ దుకాణంలో అంతసేపు నిలబడకు అని ఆ మూడు ముక్కలే అటూ ఇటూ తిప్పి మాట్లాడుతుంది. సోమవారం ఫోను మోగలేదు. ఆయన దాన్ని చేత్తో పట్టుకుని తిరిగాడు, స్నానానికి వెళ్తూ భార్యకి అప్పగించి మరీ వెళ్లాడు. మోగలేదు.

"అన్నయ్యగారు అలాంటి పని చేసే మనిషేనా?" అంది భార్య.

దీపం అబద్ధం చెప్పదు అన్నాడాయన. ఆ మాట ఇదివరకు ఎన్నిసార్లు అన్నా నోటికి తియ్యగా ఉండేది, ఈసారి ఎండుగడ్డి నమిలినట్టుంది. నిజం చెప్పాలంటే ఆయనకి కోపం కన్నా దిగ్భ్రమే ఎక్కువ. బావ ఎవరి దగ్గరా చిల్లుకానీ ఆశించని మనిషి. కుట్టుమిషన్లు బాగుచేసుకుంటూ, పాడైన భాగం మార్చకుండానే నడిచేలా ఉంటే మార్చక్కర్లేదని తనే చెప్పి పంపేసే రకం. అలాంటివాడికి ఈ అట్టముక్కల మీద దొంగబుద్ధి ఎందుకు పుట్టింది? పుట్టిందే అనుకుందాం, తన కళ్లలోకి చూసి నవ్వుతూ ఎలా కూర్చోగలిగాడు? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆయన బుర్ర గిర్రున తిరిగేది.

మంగళవారం దుకాణంలో ఒక డ్రైవరు కళ్లజోడు పని తగిలింది. ఎండకి కళ్లు మండుతున్నాయట, అద్దాలు ఎండని సరిగ్గా ఆపుతున్నాయో లేదో చూడమన్నాడు. కళ్లద్దాలాయన అద్దం అంచు సానరాయి మీద సరిచేసి, తుడుపుగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ మీదే తెల్లకాగితం ముక్క వేసి, దాని మీద అద్దాన్ని పెట్టి, పైనించి దుకాణంలోని చిన్న ఊదా దీపం వేశాడు. అద్దం కింద కాగితం వెలగకుండా నల్లగా ఉంటే మంచి అద్దం. కాగితం నల్లగానే ఉంది. కానీ కాగితం చుట్టూ గుడ్డంతా నీలంగా వెలుగుతోంది.

ఆయన చెయ్యి దీపం మీదే ఉండిపోయింది.

అది మట్టిరంగు ముతక గుడ్డ. నేసినవాడి దగ్గరే చలవ చేయకుండా కొన్న తాను ముక్క. ఏళ్ల తరబడి దాని మీదే అద్దాలు పెట్టి చూస్తున్నాడు, ఒక్కనాడు వెలగలేదు. ఇంటికి ఫోను చేసి, ఆ గుడ్డని ఏం చేశావని అడిగాడు. కంపు కొడుతుంటే నిన్న బట్టలతోపాటు సబ్బుపొడిలో నానేసి ఉతికాను, అదీ తప్పేనా అంది భార్య. డ్రైవరు నా అద్దాలు బాగున్నట్టేనా అని రెండోసారి అడిగితే గానీ ఆయన ఈ లోకంలోకి రాలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో మిగులు కార్డులు దాచే పెట్టె తీసి, చెవి చిరిగిన గుర్రం బొమ్మ ఒకటి పైకి తీశాడు. పాతకాలం కార్డే, దీపం కింద బొగ్గులా ఉంది. స్నానాల గదిలో మగ్గు నిండా నీళ్లు పోసి, చిటికెడు సబ్బుపొడి కలిపి, గుర్రాన్ని అందులో వదిలాడు. నానాక తీసి, నీళ్లతో కడిగి, ఫ్యాను కింద ఆరబెట్టాడు. భార్య రెండుసార్లు వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. బుధవారం పొద్దున్న ఆరిన గుర్రాన్ని దీపం కింద పెడితే అది కొత్తగా అచ్చయిన కార్డులా ధగధగా వెలిగింది. కాగితాన్ని తెల్లబరిచే ఆ మందే సబ్బుపొడిలోనూ ఉందన్నమాట. ఇన్నేళ్లలో ఎంతమంది కార్డుల మీద ముద్ర కొట్టాడో తలుచుకుంటే ఒళ్లు జలదరించింది. అందరి సంగతీ తర్వాత, బావ సంగతి ముందు అనుకున్నాడు.

అనుకున్నంత తేలిగ్గా కాళ్లు కదల్లేదు. బుధవారమంతా ఏం చెప్పాలో కూడబలుక్కోవడంతోనే పోయింది. గురువారం దుకాణం తొందరగా కట్టేసి, బావ మరిచిపోయిన గొడుగు పట్టుకుని అక్క ఇంటికి వెళ్లాడు.

బావ ముందుగదిలో మిషను తల ఒకటి విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. సూది కింది పళ్ల మధ్య చిక్కుకున్న దారాన్ని పట్టకారుతో లాగుతున్నాడు. తల ఎత్తి చూసి, రా అన్నాడు, ఎప్పుడూ అనేట్టే. కుర్చీ మీది నూనెగుడ్డ తీసి చోటు చేశాడు. ఆ మామూలుతనానికే కళ్లద్దాలాయనకి తల కొట్టేసినట్టయింది. కూర్చోకుండా నిలబడే అడిగాడు.

"బావా, ఆ కార్డుల్ని ఎప్పుడైనా సబ్బునీళ్లలో వేశారా?"

వంటగది గుమ్మంలో అక్క ఆగిపోయింది. చేతిలో గిన్నె ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చూసింది. ఇప్పుడెందుకురా అవన్నీ అని బావ మళ్లీ పట్టకారు అందుకోబోయాడు.

"ఇంక చాలు, మీరు ఊరుకోండి," అంది అక్క. గిన్నె కింద పెట్టి తమ్ముడి ఎదురుగా వచ్చి నిలబడింది. "నేనే వేశానురా. చిన్నప్పుడు నువ్వు అలమారా తలుపు లోపల మైదా జిగురుతో ఓడలన్నీ అంటించావు, గుర్తుందా? ఇల్లు మారేటప్పుడు నా ఓడలు నా ఓడలు అని ఒకటే ఏడుపు. నిన్ను అమ్మతో కొత్తింటికి పంపేసి, నేను ఆ తలుపు ఊడదీయించి తొట్టిలో నానేశాను. బాగా ఊడొస్తాయని అప్పుడే కొత్తగా వచ్చిన సబ్బుపొడి ఉన్నదంతా గుమ్మరించాను."

"గుర్తుంది. చక్కగా ఊడొచ్చాయిగా," అన్నాడు కళ్లద్దాలాయన. "నువ్వేగా తెచ్చిచ్చావు. అంటించిన మచ్చ కూడా లేకుండా."

"ఊడొచ్చాయి. కానీ ఉబ్బిపోయి, రంగు వెలిసిపోయి, అప్పడాల్లా వంకర్లు తిరిగి ఊడొచ్చాయి. నీకు మొహం ఎలా చూపించాలో తెలియక పెరట్లో కూర్చుని ఏడ్చాను. పక్కవాటాలోంచి మీ బావ వచ్చాడు. నేను నీకు తెచ్చిచ్చినవి ఆయనవిరా. డబ్బాలో దాచుకున్నవి. నీవి ఆయన తీసుకున్నాడు."

మరి ఆ మనిషో, అన్నాడు కళ్లద్దాలాయన. ఓడ మీద నేను గీసిన మనిషి ఉన్నాడుగా నా దగ్గర.

బావ లేచాడు. చేతులు నూనెగుడ్డకి తుడుచుకుని, షెల్ఫు మీంచి రేకు డబ్బా దించాడు. పై కార్డులు పక్కన పెట్టి, అడుగునించి ఒకటి తీసి, వీపు పైకి ఉన్నది ఉన్నట్టే బల్ల మీద పెట్టి ముందుకు జరిపాడు. నల్లటి 'నకలు' ఇంకా నిగనిగలాడుతోంది.

కళ్లద్దాలాయన దాన్ని తిప్పాడు.

రెండు పొగగొట్టాల ఓడ. వెలిసిన సముద్రం. పై అంతస్తు మీద బంగాళదుంప లాంటి తలతో, కాళ్ల కన్నా పొడుగు చేతులతో, ఒక చెయ్యి ఆకాశంలోకి ఎత్తి, సిరా మనిషి నిలబడి ఉన్నాడు. పక్కనే వేలిముద్ర ఒకటి, చిన్నది, కారిన పెన్ను తుడుచుకోకుండా పట్టుకున్న వేలిది. ఆ పెన్ను నాన్నది, ముట్టుకోవద్దన్నది, మంచం కింద దూరి గీసింది అంతా ఒక్కసారి కళ్లముందుకొచ్చింది. తన చేత్తో తనే, బోర్లా పెట్టి, ముద్ర కొట్టింది దీన్ని.

"నీ దగ్గరున్నవాణ్ణి నేను గీశాను," అన్నాడు బావ, తప్పు తనదైనట్టు. "పాత పుస్తకం అట్టల మీద ఎన్నిసార్లు గీసి చూశానో. నీ అంత వంకరగా ఎంతకీ రాలేదురా."

ప్రతి ఏడూ అందరి ముందూ వేలెట్టి చూపించి మురిసిపోయిన ఆ చక్కటి గీత బావదా? కళ్లద్దాలాయన కుర్చీలో కూర్చున్నాడు. ఆదివారమే చెప్పి ఉండొచ్చుగా, అంతమందిలో అలా మాటపడటం ఎందుకని అడిగాడు.

"పక్కనే నీ చీటీ ఉందిగా. నేను నోరు తెరిస్తే నీ పరువేం కాను?" అన్నాడు బావ. మిషను తలని కాసేపు అటూ ఇటూ తిప్పాడు. "మీ అక్కే అంది, ఇన్నేళ్లయింది, వాడి ఓడలు వాడికిచ్చేద్దాం, పెట్టెలో పక్కపక్కన పెట్టుకుని ముగ్గురం నవ్వుకుందాం అని. అసలు చెప్పాల్సిన పనే ఉండదనుకున్నానురా. నువ్వు తిప్పి చూస్తావనుకున్నాను."

ఆ ఆదివారం బల్ల అవతల కూర్చుని బావ నవ్వుతూ ఎదురుచూసింది దేనికోసమో ఇప్పుడు తెలిసింది. అది తెలియడం కళ్లద్దాలాయనకి అన్నిటికన్నా పెద్ద దెబ్బ. అక్క వచ్చి తమ్ముడి వీపు మీద చెయ్యి వేసింది. ఆయన చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

ప్రదర్శన రోజు హాలు కిటకిటలాడింది. కళ్లద్దాలాయన ఇస్త్రీ లేని చొక్కాలో వచ్చాడు, వెనకాల అక్కా బావా. బావని చూడగానే పువ్వుల కార్డులావిడ మొహం పక్కకి తిప్పుకుంది. మాస్టారు లేచి, నియమం గుర్తుచేద్దామా వద్దా అని గొంతు సవరించుకుంటుండగానే కళ్లద్దాలాయన అద్దాల పెట్టె తెరిచి, నడిమధ్య చీటీ తీసి జేబులో పెట్టుకున్నాడు. తన ఆల్బం ఒక పక్కన, రేకు డబ్బా ఒక పక్కన పెట్టాడు.

పోయినవారం ముద్ర పడ్డవి నకళ్లు కావని చెప్పాడు. గుర్రం కార్డు దీపం కింద పెట్టి, సబ్బునీళ్ల కథ చెప్పాడు. అలమారా తలుపు కథా చెప్పాడు, ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ బావ నేల మీది దారప్పోగులు చూస్తూ నిలబడ్డాడు. చివరికి ఆల్బంలోని ఓడనీ డబ్బాలోని ఓడనీ పక్కపక్కన పెట్టి, ఈ అందగాణ్ణి గీసింది మా బావ, ఈ బంగాళదుంప తలకాయవాడు నావాడు అన్నాడు. నవ్వుదామా వద్దా అని జనం తటపటాయించారు.

"తొలి యజమాని దగ్గరే ఉన్నవని అబద్ధపు చీటీ పెట్టింది నేను మాస్టారూ," అన్నాడు. "ఈ ఏడు కొట్టేయాల్సిన పేరు నాది. మా బావది కాదు."

పళ్ల డాక్టరు జిగురు గీకిన తన గోటిని చూసుకున్నాడు. ముందుగా తేరుకున్నది కండక్టరే. అయితే రేపట్నించి ఏది పాతదో ఏది కొత్తదో ఎలా తేలుస్తామండీ, దీపం ఉండాలా పోవాలా అని అడిగాడు. దీపం ఉండనివ్వండి, కార్డు మాత్రం బోర్లా పెట్టకండి, మిగతాదానికి వాదించుకుందాం, నేనూ వాదిస్తాను అన్నాడు కళ్లద్దాలాయన. ఇంకేముంది, ఊరికే వచ్చిందే పాతదని కండక్టరు, కాదు చేత్తో వేసిందేనని డాక్టరు, పాత పాటే మళ్లీ ఎత్తుకున్నారు. ఆ గోలలో పువ్వుల కార్డులావిడ వచ్చి బావకి కుర్చీ జరిపి వెళ్లింది.

అక్క మాత్రం రెండు పొగగొట్టాల ఓడని చేతిలోకి తీసుకుంది. వెనక్కి తిప్పి, నల్లటి ముద్రని బొటనవేలితో రుద్దింది. పోలేదు. కాసేపు ఆలోచించి, ఎవరికీ వినబడకుండా తమ్ముడి వైపు వంగింది.

"సబ్బునీళ్లలో వేసి చూడనా?"

బావ పకాలుమని నవ్వాడు. కళ్లద్దాలాయన కూడా నవ్వబోయాడు గానీ పెదవులు మాట వినలేదు. అక్క చేతిలోంచి కార్డు తీసుకుని, తన చొక్కా అంచుతో ఒకసారి తుడిచి, బొమ్మ పైకి ఉండేలా అద్దాల పెట్టెలో పెట్టాడు.